ఆన్‌లైన్ ఇంజనీరింగ్ మేనేజ్‌మెంట్ మాస్టర్స్ పేరుతో డబ్బు కట్టే విశాఖ ఇంజనీర్లకు హెచ్చరిక: ముందు రశీదు చదవండి

ఉద్యోగం చేసుకుంటూ ఆన్‌లైన్‌లో ఇంజనీరింగ్ మేనేజ్‌మెంట్‌లో మాస్టర్స్ చేయాలని చూస్తున్నవారు డబ్బు కట్టే ముందు ఇది పూర్తిగా చదవండి. ద్వారకానగర్‌లోని ఒక కన్సల్టెన్సీ మా తమ్ముడి చేత 1,88,800 రూపాయలు కట్టించుకుంది. అతను చేరింది డిగ్రీలో కాదు, ఒక ప్రైవేటు కంపెనీ నడిపే శిక్షణ కోర్సులో. ఈ సంగతి బయటపడేసరికి జీతం నుంచి వాయిదాలు కోత పడుతున్నాయి.

తమ్ముడు మెకానికల్ బీటెక్ చదివాడు. పరవాడ ఫార్మాసిటీలో మెయింటెనెన్స్ ఇంజనీరు. యంత్రాలు చూసుకునే పని నుంచి మనుషులను, బడ్జెట్లను చూసుకునే పనికి ఎదగాలంటే పీజీ ఉండాలని కంపెనీలో చెప్పారు. ఈ పరిస్థితి అతనొక్కడిదే కాదు. ఉక్కు కర్మాగారం, రిఫైనరీ, షిప్‌యార్డు, దువ్వాడ సెజ్, అచ్యుతాపురం... ఎక్కడ చూసినా ఆరేడేళ్ల అనుభవమున్న ఇంజనీర్లది ఇదే అవసరం. ఈ వారం ఎ షిఫ్టు, వచ్చే వారం సి షిఫ్టు అయితే గేట్ రాసి రెండేళ్లు కాలేజీకి వెళ్లడం కుదిరే పని కాదు. ఇంటి ఖర్చులు, పిల్లల ఫీజులు ఉన్నవాళ్లు ఉద్యోగం మానలేరు. ఆన్‌లైన్ చదువు కోరుకోవడం పూర్తిగా న్యాయమైన కోరిక. ఆ కోరికనే పెట్టుబడిగా చేసుకుని కొందరు వల వేస్తున్నారు. నా కోపమంతా వాళ్ల మీదే.

ఈ చదువు బూటకం కాదని కూడా చెప్పాలి. అమెరికాలో మిస్సోరీ రాష్ట్రంలోని రోలాలో 1967లోనే దీనికి ప్రత్యేక విభాగం పెట్టారు. ప్రాజెక్టు నిర్వహణ, నాణ్యత, ఉత్పత్తి ప్రణాళిక, సరఫరా వ్యవస్థ, ఇంజనీరుకు అవసరమైన మేరకు ఆర్థిక లెక్కలు ఇందులో ఉంటాయి. ఎంబీఏకీ ఎంటెక్‌కీ మధ్య నిలిచే చదువు ఇది. పేరుకు విలువ ఉంది కాబట్టే దాన్ని అడ్డం పెట్టుకుని అమ్మడం సులువవుతోంది.

ఇక జరిగింది చెబుతాను. కౌన్సెలర్ చూపిన బ్రోషర్‌లో పైన ఐరోపాకు చెందిన ఒక విశ్వవిద్యాలయం ముద్ర, కింద ‘యూజీసీ గుర్తింపు’ అనే మాట, మధ్యలో ‘మాస్టర్స్ ఇన్ ఇంజనీరింగ్ మేనేజ్‌మెంట్, 18 నెలలు’ అని ఉన్నాయి. యూజీసీ అంటే విశ్వవిద్యాలయాలను నియంత్రించే కేంద్ర సంస్థ. దాని గుర్తింపు ఎవరికి, దేనికి అన్నది ఎక్కడా లేదు. ‘సీట్లు అయిపోతున్నాయి సార్, ఈ రోజే కడితే స్కాలర్‌షిప్ వస్తుంది’ అని తొందరపెట్టారు. రాత్రి డ్యూటీ చేసి వచ్చిన మనిషిని కూర్చోబెట్టి సంతకాలన్నీ ఫోనులోనే చేయించారు.

ఆదాయపు పన్ను లెక్కలు వేసే సమయానికి విషయం నా దాకా వచ్చింది. నేను ఆటోనగర్‌లోని ఒక సంస్థలో అకౌంట్స్ చూస్తాను. ‘అక్కా, చదువు అప్పుకు వడ్డీ కడుతున్నాను కదా, 80ఇ కింద మినహాయింపు వస్తుందా’ అని అడిగితే కాగితాలు తెమ్మన్నాను. ఆ రశీదు చూడగానే నాకు అనుమానం మొదలైంది.

రశీదు పైన విశ్వవిద్యాలయం పేరు లేదు. ఒక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పేరు, దాని జీఎస్టీ నంబరు ఉన్నాయి. అసలు మొత్తం 1,60,000. దాని కింద సీజీఎస్టీ 9 శాతం 14,400, ఎస్‌జీఎస్టీ 9 శాతం 14,400. సేవల కోడ్ ఉండే చోట 999293. అకౌంట్స్ చూసేవాళ్లకు ఆ అంకె తెలుసు: వాణిజ్య శిక్షణ, కోచింగ్ సేవలకు వాడే కోడ్ అది. చట్టబద్ధమైన గుర్తింపు ఉన్న డిగ్రీ కోసం విద్యాసంస్థ తన విద్యార్థి నుంచి తీసుకునే ఫీజుకు జీఎస్టీ మినహాయింపు ఉంది. అలాంటప్పుడు ట్యూషన్ ఫీజు మీద 18 శాతం పన్ను ఎందుకు పడింది? అమ్మినవాళ్లు ప్రభుత్వానికి లెక్క చెప్పేటప్పుడు దాన్ని డిగ్రీ అనడం లేదు, కోచింగ్ అంటున్నారు. మనకు మాత్రమే మాస్టర్స్ అని చెబుతున్నారు. బ్రోషర్ మీద ఏమైనా అచ్చు వేసుకోవచ్చు. పన్ను రశీదు మీద మాత్రం నిజం రాయక తప్పదు. అందుకే చెబుతున్నాను, డబ్బు కట్టక ముందే నమూనా రశీదు చూపించమనండి. ఎవరి పేరు మీద ఇస్తారు, ఏ కోడ్ వేస్తారు, పన్ను ఎంత అని అడగండి. చూపించకపోతే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

రెండో కాగితం అప్పు ఒప్పందం. తమ్ముడికి వాళ్లు చెప్పింది ‘వడ్డీ లేని వాయిదాలు’. ఫోనుకు వరుసగా ఓటీపీలు వచ్చాయి: ఒకటి ఆధార్‌కు, ఒకటి ఒప్పందం మీద సంతకానికి, ఇంకొకటి బ్యాంకు ఖాతా నుంచి ప్రతి నెలా డబ్బు తీసుకునే అనుమతికి. అవి కళాశాలకు కట్టే వాయిదాలు కావు. ఒక ఫైనాన్స్ కంపెనీ తమ్ముడి పేరు మీద అప్పు ఇచ్చి, ఆ డబ్బు మొత్తాన్ని ఒకేసారి కన్సల్టెన్సీకి పంపేసింది. క్లాసులు జరిగినా జరగకపోయినా నెలకు పది వేలకు పైగా తమ్ముడు కట్టాల్సిందే. మానేస్తే సిబిల్ స్కోరు దెబ్బతింటుంది, రేపు ఇంటి అప్పుకు వెళితే బ్యాంకు మొహం తిప్పుకుంటుంది. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం ఇలాంటి డిజిటల్ అప్పు ఇచ్చేవారు వడ్డీ, ఛార్జీలన్నీ ఒకే చోట చూపే ముఖ్య వివరాల పత్రం ముందుగా ఇవ్వాలి. అప్పు వద్దనుకుంటే అసలు, అప్పు వాడుకున్న రోజులకు అయిన ఖర్చు మాత్రం చెల్లించి, జరిమానా లేకుండా బయటపడేందుకు కొంత గడువు కూడా ఉండాలి. ఆ గడువు చాలా చిన్నది. ఓటీపీ చెప్పిన రోజే ఒప్పందం తెరిచి ఆ గడువు ఎప్పటితో ముగుస్తుందో చూసుకోండి.

తర్వాత బ్రోషర్‌లో ఉన్న విదేశీ విశ్వవిద్యాలయం అడ్మిషన్ల విభాగానికి తమ్ముడి చేత నేరుగా మెయిల్ రాయించాను. మర్యాదగానే జవాబిచ్చారు: మీ పేరు మా విద్యార్థుల జాబితాలో లేదు, ఆ సంస్థ సర్టిఫికెట్ ఉన్నవారు తర్వాత మా కోర్సుకు దరఖాస్తు చేసుకోవచ్చు, ప్రవేశానికి హామీ లేదు, ఫీజు వేరు. అంటే 1,88,800 కట్టి కోర్సు పూర్తి చేసినా, డిగ్రీకి దరఖాస్తు పెట్టుకునే చోటు దగ్గరే నిలబడి ఉంటాడు. అప్పటిదాకా వచ్చినవన్నీ ముందే రికార్డు చేసిన వీడియోలు. సందేహం అడిగితే జవాబిచ్చే అధ్యాపకుడు లేడు.

నిబంధనలు ఏం చెబుతున్నాయో తెలిసి ఉంటే కౌన్సెలర్ మాటల్లోని మెలిక వెంటనే దొరుకుతుంది. దూరవిద్య, ఆన్‌లైన్ కోర్సులకు యూజీసీ 2020లో తెచ్చిన నిబంధనల కింద ఇంజనీరింగ్, వైద్యం, ఫార్మసీ, నర్సింగ్ వంటి కోర్సులను ఆ పద్ధతిలో నడపడానికి వీల్లేదు. కాబట్టి ఏ ప్రైవేటు విశ్వవిద్యాలయం పేరు చెప్పి అయినా ‘యూజీసీ గుర్తింపు ఉన్న ఆన్‌లైన్ ఎంటెక్’ అంటే అక్కడే ఆగండి. ఐఐటీలు మాత్రం తమ సొంత చట్టం కింద నడుస్తాయి కాబట్టి వాటి సంగతి వేరు. ఉద్యోగుల కోసం ఐఐటీ కాన్పూర్ ఈమాస్టర్స్ పేరుతో కోర్సులు ఇస్తోంది. వాటిలో చేరాలన్నా ఆ సంస్థ అధికారిక వెబ్‌సైట్‌లోనే దరఖాస్తు చేయండి.

విశ్వవిద్యాలయానికి గుర్తింపు ఉన్నంత మాత్రాన అందులోని ప్రతి ఆన్‌లైన్ కోర్సుకూ ఉన్నట్టు కాదు. యూజీసీ దూరవిద్యా విభాగం వెబ్‌సైట్‌లో ఏ విశ్వవిద్యాలయానికి, ఏ కోర్సుకు, ఏ విద్యా సంవత్సరానికి అనుమతి ఉందో జాబితా ఉంటుంది. మీ కోర్సు పేరు అక్షరం పొల్లుపోకుండా అందులో ఉండాలి. ఇప్పుడు ఇంకో గట్టి గుర్తు కూడా ఉంది. 2024 నుంచి ఇలాంటి కోర్సుల్లో చేరే ప్రతి విద్యార్థీ ప్రవేశానికి ముందే ఏబీసీ ఐడీతో (విద్యార్థి క్రెడిట్ల ఖాతా నంబరు) డీఈబీ ఐడీ (యూజీసీ దూరవిద్యా విభాగం ఇచ్చే నంబరు) తీసుకోవాలి. మీరే ఆ వెబ్‌సైట్‌లో తీసుకోవాల్సిన నంబరు అది. మా తమ్ముడిని ఎవరూ ఆ మాటే అడగలేదు.

విదేశీ విశ్వవిద్యాలయాల పేరుతో కొన్ని ఎడ్‌టెక్ కంపెనీలు (ఆన్‌లైన్ చదువులు అమ్మే సంస్థలు) ఆన్‌లైన్ డిగ్రీల ప్రకటనలు ఇస్తున్నాయని, ఇలాంటి ఫ్రాంచైజీ ఏర్పాట్లకు అనుమతి లేదని, ఆ డిగ్రీలకు గుర్తింపు ఉండదని యూజీసీ 2023 డిసెంబరులోనే ప్రకటించింది. ఇది నిన్న మొన్న పుట్టిన గందరగోళం కాదు.

‘గుర్తింపు లేకపోతే ఏమైంది, ప్రైవేటు ఉద్యోగమే కదా’ అనేవారూ ఉన్నారు. 2017 నవంబరు 3న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చూడండి. అనుమతి లేకుండా దూరవిద్యలో కొన్ని డీమ్డ్ విశ్వవిద్యాలయాలు ఇచ్చిన ఇంజనీరింగ్ డిగ్రీల్లో 2001-05 కాలంలో చేరినవారివి నిలిపివేసి, పరీక్ష పాసైతేనే చెల్లుతాయంది. ఆ తర్వాత చేరినవారివి రద్దు చేసింది. ఆ డిగ్రీలతో వచ్చిన పదోన్నతులు కూడా పోయాయి. చదివిన ఏళ్ల తర్వాత, పిల్లలు పెద్దవాళ్లయ్యాక, వచ్చిన హోదా చేజారితే ఆ ఇంట్లో ఎలా ఉంటుందో ఆలోచించండి.

నిజమైన దారులు లేకపోలేదు. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయం బౌల్డర్ ప్రాంగణం ఇంజనీరింగ్ మేనేజ్‌మెంట్‌లో మాస్టర్స్‌ను కోర్స్‌ఎరా అనే ఆన్‌లైన్ కోర్సుల వెబ్‌సైట్ ద్వారా ఇస్తోంది. మొదటి కొన్ని కోర్సుల్లో తగిన మార్కులు తెచ్చుకుంటే ప్రవేశం దొరుకుతుంది. ఏ క్రెడిట్‌కు ఎంతో ముందే చెబుతారు, మధ్యలో కౌన్సెలర్ ఉండడు. అయితే ఆ డిగ్రీని మీ సంస్థ పదోన్నతికి లెక్కలోకి తీసుకుంటుందా అని హెచ్‌ఆర్ విభాగాన్ని ముందే అడిగి, జవాబు మెయిల్‌లో తీసుకోండి. ప్రభుత్వ రంగ సంస్థల్లో ఉన్నవారికి ఇది మరీ ముఖ్యం. మన దేశంలోనే కావాలంటే యూజీసీ జాబితాలో ఉన్న ఆన్‌లైన్ ఎంబీఏలో ఆపరేషన్స్ తీసుకోవచ్చు. ఇగ్నోకు కూడా ఆన్‌లైన్ ఎంబీఏ ఉంది. డిగ్రీ అవసరం లేదు, విషయం తెలిస్తే చాలు అనుకునేవారికి ఐఐటీ అధ్యాపకుల పాఠాలు ఉండే ఎన్‌పీటీఈఎల్ వెబ్‌సైట్‌లో ప్రాజెక్టు నిర్వహణ, నాణ్యత మీద పాఠాలు ఉచితంగానే ఉన్నాయి.

ఇప్పటికే డబ్బు కట్టినవారు కోపంతో వాయిదాలు ఆపేయకండి. ముందు ఫైనాన్స్ కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు న్యాయంగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు (ఇలాంటి ఫిర్యాదులు పరిష్కరించే అధికారి) వెళ్లవచ్చు. 14448 నంబరులో వివరాలు చెబుతారు. కన్సల్టెన్సీ మీద జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే ఫిర్యాదుకు రుసుము లేదు. మోసం జరిగిన రెండేళ్లలోపు వేయాలి. బ్రోషర్, రశీదు, అప్పు ఒప్పందం, వాట్సాప్ సందేశాలు, విశ్వవిద్యాలయం ఇచ్చిన జవాబు అన్నీ దాచుకోండి. వాట్సాప్‌లో పంపినవాటిని వాళ్లు తొలగించే లోపే ఫొటో తీసి పెట్టుకోండి.

మా తమ్ముడి ఫిర్యాదు హెల్ప్‌లైన్‌లో నమోదైంది. కన్సల్టెన్సీ సగం తిరిగి ఇస్తామంటోంది, మేము ఒప్పుకోలేదు. ఒకే రకమైన నష్టం జరిగినవారు కమిషన్ అనుమతితో అందరి తరఫునా కలిసి ఒకే ఫిర్యాదు వేయడానికి చట్టంలో వీలుంది. ద్వారకానగర్‌లో డబ్బు కట్టి, చేతిలో 999293 కోడ్ ఉన్న మాస్టర్స్ రశీదు ఉన్నవారు ఈ పోస్టు కింద ఒక్క మాట రాయండి. మీ పేరు, ఫోను నంబరు అందరికీ కనిపించేలా పెట్టకండి, నేనే విడిగా సందేశం పంపుతాను.