సోలార్ బిగింపు బాగుంది, గ్రిడ్డుకు కలిపిన తీరే బాగాలేదు

విజయవాడ భవానీపురంలోని మా ఇంటి డాబా మీద 3 కిలోవాట్ల పైచిలుకు సోలార్ పెట్టించి ఏడాది దాటింది. పని అప్పగించిన సంస్థకు బిగింపు వరకు వంక పెట్టలేను. 540 వాట్ల పలకలు ఆరింటిని దక్షిణానికి వాల్చి, స్లాబుకు ఎక్కడా రంధ్రం వేయకుండా కాంక్రీటు దిమ్మెల మీద నిలబెట్టారు. ఎర్తింగుకు మూడు గుంటలు విడివిడిగా తవ్వారు. ఇళ్లపై సోలార్‌కు కేంద్రం సాయమిచ్చే పీఎం సూర్యఘర్ పథకం కింద 78,000 రూపాయల రాయితీకి దరఖాస్తు కూడా వారే పెట్టారు.

చిక్కంతా గ్రిడ్డుకు, అంటే వీధి కరెంటు లైనుకు కలిపే దగ్గర వచ్చింది. 10 కిలోవాట్ల లోపు వాటికి సాంకేతిక సాధ్యత పరిశీలన (లైనుకు కలపడం వీలవుతుందా అని ముందుగా చూడడం) అక్కరలేదని 2024లో నిబంధనలు సవరించినా, పని పూర్తయినట్టు తెలిపే కాగితాలను ఆ సంస్థ అయిదు వారాలు తన వద్దే ఉంచుకున్నది. అవి విద్యుత్ సంస్థకు అందనిదే, వచ్చిన కరెంటునూ పంపిన కరెంటునూ విడివిడిగా లెక్కించే నెట్ మీటరు రాదు. ఈలోగా పలకల కరెంటును ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టర్‌ను పరీక్షకని ఆన్ చేసిన ఆ సంస్థ కుర్రవాడు, "ఉండనివ్వండి సార్, ఏం కాదు" అని వెళ్లిపోయాడు. మా పాత మీటరుకు కరెంటు లోపలికి వస్తున్నదా, బయటికి పోతున్నదా అన్న తేడా తెలియదు. మేము వాడకుండా స్తంభానికి పోయిన యూనిట్లను కూడా మా వాడకం కిందే లెక్కగట్టింది. ఒక మధ్యాహ్నం ఇంట్లో ఒక్క ఫ్యాను తప్ప ఏమీ తిరగని వేళ మీటరు మీది ఎర్ర దీపం గబగబా మినుకుమనడం మా నాన్నగారు గమనించకపోతే ఆ నెల బిల్లు ఇంకెంత వచ్చేదో!

"కరెంటు పోయినా మీ ఇంట్లో ఉంటుంది" అని అమ్మేటప్పుడు చెప్పిన మాట కూడా నిజం కాదు. బ్యాటరీ లేని ఇన్వర్టర్ గ్రిడ్డు పోగానే తానూ ఆగిపోవాలి. లేకుంటే సరఫరా ఆగిందనుకొని స్తంభమెక్కిన లైన్‌మన్‌కు మా డాబా కరెంటు తగులుతుంది. ఆ ఏర్పాటు సబబైనదే, చెప్పకుండా దాచడమే తప్పు.

నెట్ మీటరు వచ్చాక, ఎండ బాగా కాసిన రోజున 12 యూనిట్లకు తగ్గడం లేదు. పగలు పంపినవి రాత్రి ఏసీ వాడకంలో చెల్లవుతున్నాయి. బెజవాడ ఎండలు ముదిరితే దిగుబడి ఇంకా పెరుగుతుందనుకున్నాము గానీ, పలకలు మరీ కాగిపోతే కొంత తగ్గుతుందని మే నెలలో తెలిసింది.

పనితనం చూసి ఈ సంస్థను ఎవరికైనా చెబుతాను, కానీ నెట్ మీటరు బిగించేదాకా ఆఖరి విడత సొమ్ము ఇవ్వకండి. మేము ముందే ఇచ్చేశాము. ఎక్కువ కట్టిన ఆ బిల్లు సంగతి అడిగితే "కనుక్కొని చెబుతామండి" అన్నారు. ఇప్పటికీ కనుక్కుంటూనే ఉన్నారు.