డార్విన్ ఇల్లా, న్యూటన్ ఇల్లా?

లండన్ వెళ్లినవారికి ఒక్కరోజే ఖాళీ దొరికితే ఏది చూడాలి?

దారి: డార్విన్ డౌన్ హౌస్‌కు బ్రామ్లీ సౌత్ దాకా రైలు, అక్కణ్ణుంచి 146 నంబరు సిటీ బస్సు. న్యూటన్ ఇల్లున్న ఊల్స్‌థార్ప్‌కు లండన్ కింగ్స్ క్రాస్ స్టేషన్ నుంచి గ్రాంథమ్ దాకా రైలే గంటకు పైన, ఆపైన టాక్సీ.

ఖర్చు: గ్రాంథమ్ టికెట్ అప్పటికప్పుడు కొంటే జేబుకు చిల్లే, ముందే కొనండి. డౌన్ హౌస్ ఇంగ్లిష్ హెరిటేజ్ అనే సంస్థది, ఊల్స్‌థార్ప్ నేషనల్ ట్రస్ట్ అనే మరో సంస్థది. ఒక సంస్థ సభ్యత్వ కార్డు మరొకచోట చెల్లదు.

చూసేవి: డార్విన్ 1842 నుంచి 1882 దాకా డౌన్ హౌస్‌లోనే బతికాడు. చక్రాలు బిగించుకున్న కుర్చీ, గ్రీన్‌హౌస్, రోజూ నడుస్తూ ఆలోచించిన ఇసుకబాట: పూట చాలదు. వానపడితే బాట బురదే, గట్టి బూట్లు వేసుకోండి. ఊల్స్‌థార్ప్‌లో చిన్న రాతి ఇల్లు, 1820లో గాలివానకు కూలి మళ్లీ చిగురించిన ఆపిల్ చెట్టు.

కారు లేకుంటే, తీరిగ్గా నడవాలనుంటే డౌన్ హౌస్. కారులో ఉత్తరానికి వెళ్తూ మధ్యలో ఆగాలంటే ఊల్స్‌థార్ప్.