ఫీడ్ రీడర్, క్లీనర్, సెర్చ్: మన పాత సిస్టమ్‌కి ఏది మేలు?

'టాప్ 10 సాఫ్ట్‌వేర్లు' అని వీడియోలు చేసేవాళ్ళు 16 జీబీ ర్యామ్ ఉన్న సిస్టమ్ ముందు కూర్చుని మాట్లాడతారు. శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్ చుట్టుపక్కల ఏ జిరాక్స్ షాపులోకి తొంగి చూసినా 4 జీబీ ర్యామ్, గిర్రున తిరిగే పాత హార్డ్ డిస్క్, పక్కన ఇన్వర్టర్, పైగా వాన పడితే పోయే నెట్. అందుకని ఏది మంచిదని నన్నెవరైనా అడిగితే నేను చూసేవి వేరు. నెట్ లేకపోయినా పని చేస్తుందా, పాత సిస్టమ్‌కి భారం కాకుండా ఉంటుందా, అన్నిటికన్నా ముఖ్యంగా రేపు దాంతో పొసగకపోతే నా సరుకు నేను తీసుకుని బయటికి రాగలనా. అందం, రంగులు, డార్క్ మోడ్ అన్నీ ఆ తర్వాతే.

ముందు ఫీడ్ రీడర్ల సంగతి, ఎందుకంటే తేడా ఎక్కువగా కనపడేది ఇక్కడే. తెలియని వాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తాను: ఒక సైట్‌లో కొత్తగా ఏం పడిందో ఆ సైటే ఒక చిన్న ఫైల్‌లో రాసి పెడుతుంది, దాన్నే ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్ అంటారు, రీడర్ ఆ ఫైళ్ళన్నీ తెచ్చి ఒకే చోట వరసగా చూపిస్తుంది. కేంద్ర ప్రభుత్వ ప్రకటనలిచ్చే పీఐబీకి ఉంది, రిజర్వ్ బ్యాంకుకి ఉంది, బీబీసీ తెలుగుకి ఉంది, తెలుగు వికీపీడియాలో ఇటీవలి మార్పులకి ఉంది, యూట్యూబ్‌లో ప్రతి చానల్‌కీ ఉంది. వాట్సాప్ గ్రూపులో ఎవరో పంపిన కరెంట్ అఫైర్స్ పీడీఎఫ్‌ని నమ్ముకుని చదివే గ్రూప్-2 పిల్లలకి ఇంతకన్నా పనికొచ్చేది లేదు, కానీ వాళ్ళలో చాలామందికి దీని పేరే తెలియదు.

2005లో వచ్చిన గూగుల్ రీడర్ నడిచినన్నాళ్ళూ ఏది మేలన్న ప్రశ్న పెద్దగా ఉండేది కాదు, అందరూ అదే వాడేవాళ్ళు. 2013 జూలై 1న దాన్ని మూసేశాక జనం ఫీడ్లీకీ ఇనోరీడర్‌కీ పరిగెత్తారు, అలా వెళ్ళగలగడానికి కారణం ఓపీఎంఎల్ అనే ఫైల్. మీరు ఏయే ఫీడ్లు పెట్టుకున్నారో ఆ జాబితా అంతా అందులో ఉంటుంది, ఒక రీడర్‌లోంచి తీసి ఇంకోదాంట్లో పెట్టుకోవచ్చు. ఓపీఎంఎల్ ఎగుమతి లేని రీడర్ ఎంత ముచ్చటగా ఉన్నా నేనైతే ముట్టను.

ఇప్పుడు దారి రెండుగా చీలుతుంది. ఒకటి, ఫీడ్లీ, ఇనోరీడర్ లాగా బ్రౌజర్‌లో తెరుచుకునేవి, వీటిలో మీ జాబితా వాళ్ళ సర్వర్‌లో ఉంటుంది. రెండోది థండర్‌బర్డ్, ఆర్‌ఎస్‌ఎస్ గార్డ్ లాగా మీ సిస్టమ్‌లోనే ఎక్కించుకునేవి.

మా మేనల్లుడు రోజూ ఆమదాలవలస నుంచి కోచింగ్‌కి వస్తాడు, వాడు అడిగింది ఒక్కటే. "మావా, బస్సులో ఫోన్లో సదివేసింది ఇంటికెళ్ళి సిస్టమ్ తీస్తే మళ్ళీ కొత్తదాన్లా కనపడకూడదు, అలాటిది ఏటుంది?" వాడికి థండర్‌బర్డ్ పెట్టమని చెప్పడం దండగ. ఫోన్‌కీ సిస్టమ్‌కీ మధ్య చదివినవి, చదవనివి కలవాలంటే మధ్యలో ఒక సర్వర్ ఉండాల్సిందే, కాబట్టి ఇనోరీడర్. ఫీడ్లీ ఎందుకు కాదంటే, డబ్బు కట్టకుండా ఫీడ్లీలో 100 ఫీడ్ల దాకా పెట్టుకోవచ్చు, ఇనోరీడర్‌లో 150, వాడికి రెండూ ఎక్కువే, సంఖ్య కాదు అసలు సంగతి. ఫీడ్లీ రాన్రానూ కంపెనీల వాళ్ళకి మార్కెట్ వార్తలు ఏరి ఇచ్చే సరుకుగా మారుతోంది, తెర మీద సగం అవే కనపడతాయి. ఇనోరీడర్‌లో ఉచితంగా వాడితే యాడ్స్ వస్తాయి, అది చికాకే, అయినా లోపల అమరిక ఇంకా చదువరి కోసమే ఉంది. జాబితా కూడా ఓపీఎంఎల్‌గా ఎప్పుడంటే అప్పుడు బయటికి తీసుకోవచ్చు.

ఫోన్‌తో పని లేకుండా ఇంట్లోనో షాపులోనో ఒకే సిస్టమ్ ముందు కూర్చునే వాళ్ళకి మాత్రం రెండో దారే మేలని గట్టిగా చెప్తాను. 2018 అక్టోబర్‌లో పలాస దగ్గర తిత్లీ తుపాను తీరం దాటినప్పుడు ఉద్దానంలో రోజుల తరబడి కరెంటే లేదు, అలాంటప్పుడు ఏ రీడరూ అక్కరకి రాదు, అది వేరే సంగతి. మామూలు వానకి ఎక్కడో ఫైబర్ తెగి, ఇన్వర్టర్ మీద సిస్టమ్ నడుస్తూనే ఉండి, నెట్ మాత్రం రాని సాయంత్రాలు మనకి బోలెడు కదా, అప్పుడు పొద్దున్న దిగిన ఫీడ్లన్నీ డిస్క్‌లోనే ఉంటాయి, తీరుబడిగా చదువుకోవచ్చు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి, కొన్ని సైట్లు ఫీడ్‌లో మొత్తం వ్యాసం ఇవ్వవు, రెండు లైన్లు రాసి మిగతాది సైట్‌కొచ్చి చదవమంటాయి, వాటికి నెట్ రావాల్సిందే, అది ఏ రీడర్ తప్పూ కాదు.

ఇందులో మళ్ళీ థండర్‌బర్డా, ఆర్‌ఎస్‌ఎస్ గార్డా? మెయిల్ కోసం మీరు ఇప్పటికే థండర్‌బర్డ్ వాడుతుంటే ఇంకోటి ఎక్కించకండి, అందులోనే ఫీడ్ అకౌంట్ అని ఒకటి తెరిస్తే చాలు, వార్తలు మెయిళ్ళ లాగా వచ్చి పడతాయి. తెలుగు చదివేవాళ్ళకి ఇందులో ఒక సుఖం ఉంది, దీన్ని ఎవరూ పెద్దగా చెప్పరు: సెట్టింగ్స్‌లో ఫాంట్స్ దగ్గర అడ్వాన్స్‌డ్ నొక్కితే భాషల జాబితా వస్తుంది, అందులో తెలుగు ఎంచుకుని ఒక్క తెలుగుకి మాత్రమే వేరే ఫాంట్, వేరే సైజు పెట్టుకోవచ్చు. విండోస్‌తో వచ్చే గౌతమి పాత ఫాంట్, చిన్న సైజులో ఒత్తులు ఒకదాని మీదొకటి ఎక్కి కళ్ళు లాగేస్తాయి, దాని బదులు నిర్మల యూఐ గానీ మండలి గానీ పెట్టి సైజు రెండు మెట్లు పెంచితే 'లక్ష్మి'లో మ ఒత్తు కూడా అద్దాలు లేకుండా కనపడుతుంది. ఇంగ్లిష్ అక్షరాల సైజు ఉన్నచోటే ఉంటుంది. కాకపోతే ఫీడ్లు వందకి మించితే థండర్‌బర్డ్ బరువనిపిస్తుంది, ఫోల్డర్లు సర్దుకోవడమే ఒక పని అయిపోతుంది.

అన్ని ఫీడ్లు ఉన్నవాళ్ళ కోసం ఆర్‌ఎస్‌ఎస్ గార్డ్. ఇందులో రెండు రకాల ప్యాకేజీలు దొరుకుతాయి, లోపల పూర్తి బ్రౌజర్ ఉన్నది ఒకటి, అది లేని తేలికపాటిది ఇంకోటి. 4 జీబీ సిస్టమ్‌కి తేలికపాటిదే దించుకోండి, వ్యాసం మొత్తం చూడాలంటే మీ బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది, పోయేదేం లేదు. తెర చూడ్డానికి లెక్కల పుస్తకంలా ఉంటుంది, మొదట్లో భయపెడుతుంది, అలవాటైతే వేగం తెలుస్తుంది. పాత వాళ్ళు ఇంకా క్వైట్ ఆర్‌ఎస్‌ఎస్ పేరు చెప్తుంటారు, ఒకప్పుడు నిజంగానే బాగుండేది, 2020 తర్వాత దానికి కొత్త వెర్షన్ రాలేదు కాబట్టి ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టొద్దు. ఫ్లూయెంట్ రీడర్ అందగత్తె, కానీ లోపల క్రోమియం అనే మొత్తం బ్రౌజర్‌నే మోసుకు తిరుగుతుంది, మన ర్యామ్‌కి దాని టెన్షన్ ఎందుకు.

ఇక క్లీనర్లు. ఇక్కడ తూకం వేయడానికి పెద్దగా ఏం లేదు. సి డ్రైవ్ నిండిపోయి ఎర్రబడగానే అందరికీ గుర్తొచ్చేది సీక్లీనర్, 2017 ఆగస్టులో దాని 5.33 వెర్షన్‌లోకే హ్యాకర్లు మాల్వేర్ చొప్పించారు, కంపెనీ డిజిటల్ సంతకంతోనే 22 లక్షలకి పైగా సిస్టమ్‌లలోకి వెళ్ళింది. ఆ తర్వాత సరిచేశారు, ఇప్పటికీ అలాగే ఉందని నేననడం లేదు. అసలు ఆ పనికి బయటిది ఎందుకన్నదే నా ప్రశ్న. విండోస్ 10, 11ల్లో సెట్టింగ్స్, సిస్టమ్, స్టోరేజ్ అని వెళ్తే స్టోరేజ్ సెన్స్ ఉంది, టెంపరరీ ఫైళ్ళు, పాత అప్‌డేట్ల చెత్త అదే తీసేస్తుంది. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ గురించి అక్కడ ఒక గడి ఉంటుంది, దాన్ని 'నెవర్' మీదే ఉంచండి, లేకపోతే కస్టమర్ల ఫైళ్ళు ఒక రోజున చెప్పకుండా వెళ్ళిపోతాయి. బ్రౌజర్ల చెత్త కూడా ఊడ్చాలనుకుంటే బ్లీచ్‌బిట్ ఉంది, అది ఓపెన్ సోర్స్, అంటే దాని కోడ్ ఎవరైనా చూడొచ్చు, విండోస్ బదులు వాడే లైనక్స్‌లోనూ నడుస్తుంది. విండోస్ తన సెట్టింగ్స్ రాసిపెట్టుకునే రిజిస్ట్రీని ఊడ్చే క్లీనర్లంటారా, మైక్రోసాఫ్టే వాటిని వాడొద్దంటుంది, అక్కడితో ఆ ముచ్చట అయిపోయింది.

చెత్త తీసినా డ్రైవ్ ఎరుపు వదలకపోతే ఏ ఫోల్డర్ మింగుతోందో చూడాలి. దీనికి విజ్‌ట్రీ, విన్‌డర్‌స్టాట్ అని రెండు. విజ్‌ట్రీ ఒక్కో ఫోల్డరూ తిరగదు, ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ మామూలుగా వాడే అమరిక) డిస్క్‌లో ఫైళ్ళ పట్టిక ఏదైతే ఉందో దాన్నే నేరుగా చదివేస్తుంది, అందుకే పాత హార్డ్ డిస్క్‌లో కూడా చిటికెలో చూపిస్తుంది. వేగంలో దానికి సాటి లేదు. అయితే ఇంట్లో వాడుకోవడానికే ఉచితం, షాపుకీ ఆఫీసుకీ లైసెన్స్ కొనాలి, ఈ ముక్క ఎవరూ చదవరు. విన్‌డర్‌స్టాట్ షాపుకైనా ఉచితమే, పాత వెర్షన్ నిదానం, ఈమధ్య వచ్చిన 2వ వెర్షన్ బాగా వేగం పుంజుకుంది. కాబట్టి ఇంటికి అది, షాపుకి ఇది. రెండిట్లో ఏది తెరిచినా పైవరసలో హైబర్‌ఫిల్ అనే పెద్ద ఫైల్ కనపడొచ్చు, దాన్ని చేత్తో తీసేయకూడదు, హైబర్నేషన్ (తెరిచినవన్నీ డిస్క్‌లో దాచి సిస్టమ్ ఆపే పద్ధతి) ఆపేస్తే అదే పోతుంది, కాకపోతే ఫాస్ట్ స్టార్టప్ కూడా పోయి సిస్టమ్ ఆన్ అవడం నెమ్మదిస్తుంది. హార్డ్ డిస్క్ వాళ్ళు ఆలోచించుకుని చెయ్యండి.

ఫైళ్ళు వెతకడానికి విండోస్ సెర్చా, ఎవ్రీథింగా? పేరుతో వెతకడమైతే ఎవ్రీథింగే, రెండో మాట లేదు. ఇదీ ఆ ఎన్‌టీఎఫ్‌ఎస్ పట్టికనే నమ్ముకున్నది, తెలుగులో 'ఆదాయ' అని సగం కొట్టేసరికే ఆ పేరున్న ఫైళ్ళన్నీ వచ్చి నిలబడతాయి. షాపుల్లో పేరు గుర్తుండదు కదా, అన్నీ స్కాన్ 1, స్కాన్ 2 అని ఉంటాయి, అప్పుడు ఇంగ్లిష్ అక్షరాల్లో డీఎం, కోలన్, టుడే అని కొడితే ఇవాళ మారిన ఫైళ్ళు మాత్రమే చూపిస్తుంది. పొద్దున్న స్కాన్ చేసిన పట్టాదారు పాస్‌బుక్ ఎక్కడ సేవ్ అయిందో అని రైతుని నిలబెట్టి వెతికే బాధ ఉండదు. ఫైల్ లోపలి మాటలతో వెతకాలంటే మాత్రం విండోస్ సెర్చ్‌నే అడగాలి, లోపలి మాటలకి ముందే రాసిపెట్టుకున్న ఇండెక్స్ దానికి ఉంటుంది, ఎవ్రీథింగ్ అక్కడ నత్తనడకే.

జిప్‌ల విషయం తొందరగా. 7-జిప్ ఉచితం, 40 రోజుల ట్రయల్ అని చెప్పి ఏళ్ళ తరబడి నడిచే విన్‌రార్ కన్నా అదే నయం. 2023లో విన్‌రార్‌లో బయటపడ్డ లోపాన్ని దొంగలు బాగానే వాడుకున్నారు, అది తనంతట తాను అప్‌డేట్ అవదు, పాతది అలాగే పడి ఉంటుంది. 7-జిప్ కూడా తనంతట తాను అప్‌డేట్ అవదు, అది ఒప్పుకోవాలి. రార్ ఫైల్ (జిప్ లాంటిదే, విన్‌రార్ సొంత రకం) తయారు చేయాలన్నా, పెన్‌డ్రైవ్‌లో పాడైపోతుందేమోనని రికవరీ రికార్డ్ పెట్టుకోవాలన్నా విన్‌రారే కావాలి. విండోస్ 11 వాళ్ళకి రార్ తెరవడం 2023 నుంచీ లోపలే ఉంది.

విండోస్ 10కి ఉచిత సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగింది, పాత సిస్టమ్‌లలో 11 ఎక్కదు, కొందరు లైనక్స్ మింట్ వైపు చూస్తున్నారు. థండర్‌బర్డ్, ఆర్‌ఎస్‌ఎస్ గార్డ్, బ్లీచ్‌బిట్ మూడూ అక్కడా నడుస్తాయి, ఎవ్రీథింగ్ లాంటిది ఎఫ్‌సెర్చ్ అని ఉంది. ఎటువైపు వెళ్ళాలో ఇంకా తేల్చుకోని వాళ్ళు ఇప్పట్నుంచే ఈ మూడిటికీ అలవాటు పడితే అప్పుడు చెయ్యి తిరగడానికి ఇబ్బంది ఉండదు.

చివరగా పీడీఎఫ్. పాత సిస్టమ్‌లో సుమత్రా రెప్పపాటులో తెరుచుకుంటుంది, అడోబీ రీడర్ తెరుచుకునేలోపు కస్టమర్ ఇంకో షాపుకి వెళ్ళిపోతాడు. అయినా అడోబీని తీసేయలేం, ఎందుకంటే మీసేవ సర్టిఫికెట్ మీద డిజిటల్ సంతకం పక్కన పసుపు ప్రశ్నార్థకం కనపడితే దాని మీద రైట్ క్లిక్ చేసి, సర్టిఫికెట్‌ని నమ్మదగినదిగా చేర్చి, వ్యాలిడేట్ కొట్టి ఆకుపచ్చ టిక్కు తెప్పించే సదుపాయం అందులోనే ఉంది, సుమత్రాకి సంతకాల గొడవే తెలియదు. షాపు సిస్టమ్‌లో రెండూ ఉంచండి, డబుల్ క్లిక్‌కి సుమత్రా వచ్చేలా పెట్టుకుని, సర్టిఫికెట్ ఫైళ్ళు మాత్రం రైట్ క్లిక్‌తో అడోబీలో తెరవండి.