బ్లేడా, మెషీనా, పెన్సిలా? కనుబొమలకు ఏది మేలు

పెళ్లికి నెలన్నర ఉందనగా మా చెల్లెలు ఫోన్ చేసింది. "అక్కా, మైక్రోబ్లేడింగ్ చేయించుకోనా, పౌడర్ బ్రోసా?" అని. ముందు నీ ఎడమ భుజం మీద బీసీజీ టీకా మచ్చ ఎలా ఉందో చూసి చెప్పు అన్నాను. నవ్వింది. నేను నవ్వులాటకు అనలేదు. ఆ మచ్చో, చెవి కుట్టించిన చోటో గట్టిగా ఉబ్బి, గాయం హద్దు దాటి పెరిగితే అది కెలాయిడ్ తత్వం. అలాంటి ఒంటికి రెండూ వద్దు.

నిజానికి రెండూ పచ్చబొట్టు జాతివే. మైక్రోబ్లేడింగ్‌లో సన్నటి సూదులు వరసగా పేర్చిన చేతి పనిముట్టుతో వెంట్రుకల్లాంటి గీతలు గీసి, ఆ కోతల్లోకి రంగు దింపుతారు. పౌడర్ బ్రోస్‌లో మెషీన్ సూది చుక్కలు చుక్కలుగా పొడుస్తుంది, పెన్సిల్‌తో దిద్దినట్టు మెత్తగా కనిపిస్తుంది. దగ్గరి నుంచి చూస్తే అందం మొదటిదానిదే, ఒప్పుకుంటాను. కానీ జిడ్డు చర్మం మీద ఆ గీతలు తొందరగా పాకిపోతాయి. చెయ్యి కాస్త బరువైతే మచ్చ పడుతుంది. మన చామనఛాయ చర్మానికి గాయం మానిన చోట నల్లబడే గుణం ఉండనే ఉంది. పొడి చర్మమైతే, చేసే చెయ్యి మంచిదైతే బ్లేడ్ పరవాలేదు. జిడ్డు ముఖానికి నా ఓటు మెషీన్‌కే.

అయితే ఒంట్లో జబ్బుంటే ఈ పోటీకి అర్థం లేదు. రెండిట్లోనూ చర్మం తెగుతుంది, కాబట్టి సూది కొత్తది కాకపోతే హెపటైటిస్ బి, సి భయం రెండిటికీ ఒకటే. ప్యాకెట్ మన కళ్ల ముందే చించాలి. రక్తం పల్చబడే మాత్రలు వాడేవాళ్లకు రక్తం ఎక్కువ చెమర్చి రంగు నిలవదు. అలాగని పార్లర్ అమ్మాయి చెప్పిందని గుండె మాత్రలు ఆపేయకండి, అది డాక్టరు చెప్పాల్సిన మాట. షుగర్ అదుపులో లేకపోతే పుండు మానదు. మొటిమలకు ఐసోట్రెటినాయిన్ మింగినవాళ్లను ఆపాక కనీసం ఆర్నెల్లు ఆగమంటారు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు వాయిదా వేసుకోవడమే మంచిది. సూది గొడవెందుకని బ్లాక్ హెన్నాకు వెళ్లేవాళ్లూ ఉన్నారు. అందులో జుట్టు రంగుల్లో వాడే పీపీడీ కలిస్తే, పడనివాళ్లకు కళ్లు తెరవలేనంతగా రెప్పలు వాస్తాయి.

మాటల్లో చెల్లెలు ఇంకోటి చెప్పింది. బొమలు మొత్తం కాదట, చెవివైపు చివర్లే పల్చబడ్డాయట. థైరాయిడ్ మందగించినా బొమల చివర్లు అలా పల్చబడతాయి, అక్కడ నాకు ఆ అనుమానం వచ్చింది. థైరాయిడ్‌కు చేసే టీఎస్‌హెచ్ రక్తపరీక్ష చేయిస్తే ఎక్కువే వచ్చింది, అంటే థైరాయిడ్ మందగించినట్టే. పైగా బొమలు పొడిపించుకుంటే పొక్కులు రాలడానికే వారం పది రోజులు, ఆపైన నెల దాటాక మళ్లీ రంగు దిద్దే టచప్. పెళ్లి పనుల మధ్య అదెక్కడ కుదురుతుంది?

పీటల మీద పెన్సిల్ బొమలతోనే కూర్చుంది. మాత్రలు మొదలుపెట్టి నాలుగు నెలలైంది. బొమ చివర నూగులా ఏదో మొలుస్తోందని మొన్న ఫోన్ ముఖానికి అంటించుకుని మరీ చూపించింది. ఏడాదికీ నిండకపోతే పౌడర్ బ్రోస్‌కే వెళ్తానంటోంది. సరే అన్నాను, ఆ రంగు ఒంటికి పడుతుందో లేదో చెవి వెనక కాస్త పెట్టి చూసే ప్యాచ్ టెస్ట్ చేయించుకున్నాకే.