పేరు కవితా, మడతల పుస్తకమా: అమ్మమ్మకు ఏది మేలు?

మార్చి 8 మహిళా దినోత్సవానికో, మే రెండో ఆదివారం వచ్చే మదర్స్ డేకో బడిలో పిల్లల చేత తరచుగా చేయించేది పేరు కవిత. పేరులోని అక్షరాలు నిలువుగా రాసి, ఒక్కో అక్షరంతో ఒక్కో పాదం మొదలుపెట్టాలి. చుట్టూ రంగు కాగితం పూలు అంటిస్తే అరగంటలో కార్డు తయారు. గిరిజ, కమల లాంటి పేర్లకు హాయిగా కుదురుతుంది.

మూడో తరగతి చదివే మా పాప మాత్రం ‘అమ్మమ్మ’ దగ్గర ఆగిపోయింది. అ, మ్మ, మ్మ. ‘మ్మ’తో మాట ఎక్కడ మొదలవుతుంది? సరళ, అరుణ అన్న పేర్లకూ చివర ఇదే చిక్కు. వత్తు తీసేసి ‘మ’ అనుకోమన్నాను. ‘మల్లెపూల అమ్మమ్మ’ అని రాసింది. మా అమ్మకు మల్లెల వాసనంటేనే తలనొప్పి! అక్షరం కోసం వెతుకుతుంటే మనిషి పక్కకు పోయింది.

అందుకే మడతల పుస్తకం చేశాం. ఏ4 కాగితాన్ని పొడుగ్గా రెండు పట్టీలు కత్తిరించి, ఒకదాన్ని ముందుకోసారి, వెనక్కోసారి, మళ్లీ ముందుకోసారి మడిస్తే నాలుగు పేజీలు. అట్టకు పాత చీర అంచు ముక్క. శతక పద్యాలకు మకుటం ఉన్నట్టు ప్రతి పేజీ ‘మా అమ్మమ్మ’తో ముగియాలి. మిగతాది అమ్మమ్మనే అడగాలి. పాప ఫోన్ చేసి అడిగి రాసింది:

చింతగింజలు అరగదిసి అష్టాచెమ్మా ఆడిన మా అమ్మమ్మ
ఏడో తరగతిలో బడి మాన్పిస్తే ఏడ్చిన మా అమ్మమ్మ
ఇప్పుడు పేపరంతా చదివే మా అమ్మమ్మ
ఫోన్ పెట్టేముందు మూడుసార్లు ‘ఉంటానే’ అనే మా అమ్మమ్మ

రెండో పాదం సంగతి నాకూ ఆ రోజే తెలిసింది.

ఒకటో తరగతి పిల్లలకు, నలభై మందితో ఒకే పీరియడ్ ఉన్న టీచరుకు పేరు కవితే నయం. గణ విభజన వచ్చిన పెద్ద పిల్లలు ఆటవెలది ప్రయత్నించవచ్చు. చిన్నవాళ్లకు సూర్యగణాలు, ఇంద్రగణాలు లెక్కపెట్టడమే టెన్షన్. నా ఓటు మడతల పుస్తకానికే. అమ్మ దగ్గర లేని పిల్లలకైనా మకుటం ‘మా పిన్ని’ అనో, ‘మా ఆయమ్మ’ అనో మార్చుకుంటే చాలు. తరగతిలో అందరితో పాటు వాళ్లూ రాస్తారు.

పాప ‘అరగదిసి’ అని దీర్ఘం లేకుండా రాసింది. దిద్దలేదు, అలాగే పంపాం.