జాగ్రత్త: గ్రో లైట్ కిట్లలో 'లక్స్ సెన్సర్' పేరుతో ఎల్‌డీఆర్ అంటగడుతున్నారు

ఇంట్లో కొత్తిమీర, లెట్యూస్ పెంచడానికి ఆటోమేటిక్ గ్రో కిట్ (వెలుగు తగ్గితే మొక్కల లైటు తనే వేసేది) కొనేవాళ్లు ముందు సెన్సర్ ఫొటో పెద్దది చేసి చూడండి. చివర చిన్న గుండ్రటి బిళ్ల, దాని మీద పాము మెలికల్లాంటి గీత, పక్కనే స్క్రూ ఉన్న నీలం డబ్బా, ఎనిమిది కాళ్ల ఎల్‌ఎం393 చిప్ ఉంటే అది ఎల్‌డీఆర్, అంటే వెలుగును బట్టి కరెంటుకి అడ్డు మారే భాగం. దానికి లక్స్, అంటే ఎంత వెలుగు పడుతోందో, అంకెల్లో కొలవడం రాదు. నిజంగా లక్స్ కొలిచే బీహెచ్1750 బోర్డు మీద వీసీసీ, జీఎన్‌డీ, ఎస్‌సీఎల్, ఎస్‌డీఏ, ఏడీడీఆర్ అని ఐదు పిన్నులుంటాయి. ఐటూసీ స్కానర్‌లో (కలిపిన సెన్సర్ల అడ్రసులు చూపే ప్రోగ్రామ్) దాని అడ్రస్ హెక్స్ 23గా కనిపిస్తుంది, ఏడీడీఆర్‌ను 3.3 వోల్టులకు కలిపితే 5సీగా.

చాలామంది మోసపోయేది ఇక్కడే: ఎల్‌డీఆర్‌కి వేలు అడ్డం పెట్టినా, టార్చ్ వేసినా రీడింగ్ మారుతుంది. దాంతో బాగానే ఉందనుకుంటాం. కానీ 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్‌తో కలిపితే గ్రో లైట్ వెలుగులో దాని రీడింగ్ ఒక కొసకు అతుక్కుపోతుంది. 5,000 లక్స్‌కీ 10,000 లక్స్‌కీ 0 నుంచి 4095 దాకా ఉండే రీడింగులో కొన్ని పదుల అంకెలే తేడా. అసలు పరీక్ష ఇది: ఒకే బల్బును 60 సెంటీమీటర్ల ఎత్తు నుంచి 30కి దించండి. లక్స్ దాదాపు నాలుగింతలు కావాలి.

ఇంకో మాట. ఎల్‌డీఆర్ బోర్డుకి 5 వోల్టులిస్తే రీడింగ్ బయటికిచ్చే ఏఓ పిన్ నుంచి 3.3 వోల్టులు దాటి రావచ్చు, కిట్‌ని నడిపే ఈఎస్‌పీ32 చిప్ పిన్ అది తట్టుకోదు.

బీహెచ్1750 ఉన్నా ఊదారంగు లైటుకి లక్స్ నమ్మకండి. లక్స్ మనిషి కంటి లెక్క. 200 మైక్రోమోల్ (మొక్కకి పనికొచ్చే కాంతి లెక్క) కాంతికి తెల్ల ఎల్‌ఈడీ సుమారు 14,000 లక్స్ చూపిస్తే, ఎరుపు–నీలం లైటు 1,500 దగ్గర ఆగుతుంది. వెలుగు చాలట్లేదనుకుని కోడ్ లైటు ఆర్పదు, రాత్రంతా వెలిగి ఆకులు మాడొచ్చు. అలాంటి లైటుకి 16 గంటల టైమరే పెట్టుకోండి.

సెన్సర్‌కి గ్రో లైట్ తగలకుండా కిటికీ వైపు తిప్పండి. లేదంటే లైటు వెలగగానే 'వెలుగుంది' అని ఆర్పేస్తుంది, చీకటి కాగానే మళ్లీ వెలిగిస్తుంది, లైటుని వేసి ఆర్పే స్విచ్, అంటే రిలే, టిక్కు టిక్కుమంటూ అరిగిపోతుంది. ఆన్‌కి 2,000, ఆఫ్‌కి 4,000 లక్స్ అని గ్యాప్ పెట్టి, 5 నిమిషాల సగటు తీసుకోండి.

ప్యాకెట్ విప్పుతూ వీడియో తీయండి. పిన్నులు సోల్డర్ చేశాక చాలాచోట్ల వెనక్కి తీసుకోరు.