ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్ కింద ఒక రాత్రి: 100 క్లబ్

పాత మాడ్ కుర్రాళ్ల (1960లలో నీటైన సూట్లు, సోల్ సంగీతం అంటే పడిచచ్చే బ్రిటిష్ యువత) రాత్రులు ఎలా ఉండేవో తెలియాలంటే లండన్‌లో 100 క్లబ్‌కి వెళ్లాల్సిందే. ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో 100వ నంబరు, మెట్లు దిగితే ఎర్ర గోడల హాలు, 1942లో ఇక్కడ సంగీతం మొదలైంది. నేను నార్తర్న్ సోల్ (1960ల నాటి అమెరికన్ సోల్ పాటలకు డాన్స్ చేసే బ్రిటిష్ ఒరవడి) ఆల్‌నైటర్‌కి, అంటే తెల్లవార్లూ సాగే డాన్స్ రాత్రికి వెళ్లాను. డెబ్బై దాటిన ఒక పెద్దాయన, మడత నలగని సూట్‌లో, కుర్రాళ్లతో సమానంగా గిర్రున తిరుగుతూ, మధ్యలో ఆగి వార్డర్ స్ట్రీట్ ఫ్లెమింగో క్లబ్ గురించి, అక్కడ గాయకుడు జార్జీ ఫేమ్ వాయించే ఆర్గాన్ వింటూ తెల్లవార్లూ డాన్స్ చేసి పొద్దున్నే మొదటి రైలెక్కి ఇంటికెళ్లడం గురించి చెబుతుంటే నాకు కళ్లు చెమర్చాయి. ఫ్లెమింగో ఇప్పుడు లేదు. 100 క్లబ్ ఉంది, వెళ్లండి! తోలు అడుగున్న బూట్లు వేసుకోండి, రబ్బరు అడుగైతే కాలు తిరగదు.